గుడ్లు తగ్గాయా? మందు కొనేముందు రాత్రి టార్చి వేసి చూడండి

మా ఇల్లు తాడిపత్రికి కొంచెం బయట. పెరట్లో ఇప్పుడు పన్నెండు నాటు పెట్టలు, ఎనిమిది గ్రామప్రియలు, ఆరు బాతులు, నాలుగు గిన్నె కోళ్లు, రెండు పుంజులు ఉన్నాయి. ఒకప్పుడు రెండు టర్కీలు కూడా ఉండేవి, ఇప్పుడెందుకు లేవో కింద చెబుతాను. గూడు మా వైపు చాలామంది కట్టుకున్నట్టే కట్టాను. మూడు వైపులా నిలువు బండలు, ముందు జాలి, పైన రేకు.

మూడేళ్ల కిందట ఒక మార్చిలో రోజుకు పది, పదకొండు వచ్చే గుడ్లు మూడు వారాల్లో మూడుకు పడిపోయాయి. ఆ మూడింట్లోనూ ఒకటి పెంకు లేని తోలుగుడ్డు. ఎండలు ముదిరాయి కదా, అందుకే అనుకున్నాను. మందుల షాపుకు పోతే ముందు కాల్షియం టానిక్ ఇచ్చారు. ఆ తర్వాత లివర్ టానిక్, ఆ తర్వాత నట్టల (కడుపులో పురుగుల) మందు. పద్నాలుగు వందలు ఖర్చయ్యాయి, రెండు పెట్టలు చచ్చిపోయాయి. మాకు జొన్నలు తెచ్చే అవ్వ ఒకరోజు ఒక పెట్టను పట్టుకుని, దాని తురాయి చూసి, రెక్క ఎత్తి చూసి, "కడుపులో ఏం లేదు నాయనా. రాత్రి పూట బండల సందులు చూడుపో" అనింది.

చూశాను. అది చూశాక ఒక వారం నాకే ఒళ్లంతా దురద పెట్టినట్టు అనిపించేది.

గుడ్లు తగ్గడానికి ఇరవై కారణాలు ఉంటాయి, అందులో మందుతో తీరేవి మూడో నాలుగో. అందుకే ఏ వరుసలో వెతకాలన్నదే అసలు పని. నేను ఇప్పుడు పాటించే వరుస ఇది.

మొదటి అడుగు: గుడ్లు నిజంగా తగ్గాయా?

ముందు లెక్క చూడండి. నాటు పెట్ట ఒక విడతలో పది, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. కూర్చున్నాక పెట్టదు. ఏడాది మొత్తానికి అరవై గుడ్లు ఇచ్చిందంటే మంచి పెట్టే. గ్రామప్రియ గుడ్ల కోసమే తయారుచేసిన రకం కాబట్టి దాన్ని దీనితో పోల్చకూడదు. ఈకలు రాల్చే కాలంలో ఏ పెట్టయినా రెండు, మూడు నెలలు గుడ్డు ఆపేస్తుంది. గూట్లో ఎక్కడ చూసినా ఈకలే, మెడ దగ్గర ముళ్లలాంటి కొత్త ఈకలు వస్తున్నాయంటే అది జబ్బు కాదు. మూడో ఏడు దాటిన పెట్ట తగ్గించడం కూడా జబ్బు కాదు.

చలికాలం సంగతి వేరే. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటల పైన కొంచెమే. గుడ్ల రకం కోళ్లకు పద్నాలుగు గంటలన్నా వెలుతురు ఉంటేనే జోరుగా పెడతాయి. గ్రామప్రియల కోసం తెల్లవారుజామున చిన్న ఎల్‌ఈడీ బల్బు వేయొచ్చు. వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ పోండి. నాటు కోళ్ల కోసమైతే ఆ కరెంటు దండగ.

ఇక దొంగ గూళ్లు. బయట తిరిగే పెట్ట గడ్డివాములోనో, కంప కిందనో సొంతంగా చోటు చూసుకుంటుంది. గిన్నె కోళ్లయితే నాలుగూ కలిసి ఒకే గుంతలో పెట్టి, మనిషి కంటపడితే చోటు మార్చేస్తాయి. రెండు రోజులు పది, పదకొండు గంటల దాకా అన్నిటినీ జాలి లోపలే ఉంచండి. గుడ్లు పెరిగాయంటే జబ్బు లేదు, గూడు దొరకలేదంతే. బాతులు తెల్లవారే లోపే, మహా అయితే ఎనిమిది, తొమ్మిది లోపు పెట్టేస్తాయి. తొందరగా వదిలితే నీళ్లలోనో, దారిలోనో పడేస్తాయి. ముంగిస, కాకి, పాము తిన్న గుడ్లకు కూడా కోడినే తిడతాం. పెంకు ముక్కలు మిగిలితే కాకో, ముంగిసో, కోడే తిన్నదో అనుకోవచ్చు. ఏమీ మిగలకుండా మాయమైతే పాము సంగతి గుర్తుపెట్టుకుని గూట్లో చెయ్యి పెట్టండి.

రెండో అడుగు: ఆ రాత్రే టార్చి

లెక్క సరిగానే ఉండి గుడ్లు నిజంగా తగ్గాయంటే, ఇంకేదీ చేయకముందు ఆ రాత్రి తొమ్మిది దాటాక గూట్లోకి వెళ్లండి. టార్చి, ఒక తెల్ల గుడ్డ, పాత సైకిల్ పుల్ల తీసుకెళ్లండి. కోళ్లు ఎక్కి కూర్చునే కర్ర కింది వైపు, కర్ర గోడను తాకే చోటు, బండకూ బండకూ మధ్య సందు, రేకు కింది దూలం, గుడ్లు పెట్టే బుట్ట అడుగు చూడండి. పుల్లను సందులో పెట్టి గీకి, తెల్ల గుడ్డ మీద దులపండి. ఏం రాలిందో దాన్ని బట్టి దారి మారుతుంది.

దోసగింజంత, చదునుగా, మట్టి రంగులో, తోలులాగా ఉన్నవి రాలితే అవి కోళ్ల గోమార్లు. కొన్ని చోట్ల పిడుదులు అంటారు. చాలామంది నల్లులనుకుంటారు. వీటికి మన ఎండ, మన పొడి గాలి, మన బండల సందులు చక్కగా సరిపోతాయి. పగలంతా సందుల్లో ఉండి, రాత్రి వచ్చి కోడి కాళ్ల మీద, రొమ్ము మీద రక్తం తాగి, అరగంటలో మళ్లీ సందులోకి వెళ్లిపోతాయి. అందుకే పగలు కోడిని ఎంత తిప్పి చూసినా పెద్దవి కనపడవు. పిల్ల గోమార్లు మాత్రం రెక్క కింద నల్ల చుక్కల్లా అంటుకుని ఐదు నుంచి పది రోజులు అక్కడే ఉంటాయి. అవ్వ రెక్క ఎత్తి చూసింది ఆ చుక్కల కోసమే.

రక్తం పోయిన కోడి తురాయి ఎరుపు తగ్గి తెల్లబడుతుంది. గుడ్డు ఆగిపోతుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ గోమార్లు స్పైరోకీటోసిస్ అనే జ్వరాన్ని అంటిస్తాయి. కోడి మూలన ముడుచుకుని, ఆకుపచ్చగా రెట్ట వేసి, రెండు మూడు రోజుల్లో పోతుంది. కొక్కెర తెగులు (రాణిఖేత్) అనుకుని పొరబడేది ఇక్కడే. పశువైద్యుడు సరైన యాంటీబయాటిక్ వేస్తే ఈ జ్వరం తగ్గుతుంది, కొక్కెర తెగులుకు మాత్రం మందు లేదు. అందుకని గోమార్లు చూసిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

గోమార్లను వదిలించడం ఒక్క రోజు పని కాదు. ఏమీ తాగకుండా ఏళ్ల తరబడి బతకగలవు కాబట్టి గూడు ఖాళీగా పెడితే చచ్చిపోతాయనుకోవద్దు. నేను చేసింది ఇలా:

1. పొద్దున కోళ్లన్నిటినీ బయటికి తోలి, బుట్టలు, గడ్డి, పాత కర్రలు తీసి దూరంగా తగలబెట్టాను. బెరడు ఉన్న కర్రలైతే అస్సలు దాచుకోవద్దు.

2. సందులన్నీ పుల్లతో గీకి, బ్లో ల్యాంపుతో ఒక్కో సందు మీద మంట పట్టాను. బండ గోడ కాబట్టి సరిపోయింది. పైన బోద గడ్డి కప్పు ఉన్నవాళ్లు, పక్కన గడ్డివాము ఉన్నవాళ్లు ఈ పని జోలికి పోవద్దు. మంట మరీ ఎక్కువసేపు పడితే బండ కూడా పగిలి ఎగురుతుంది, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

3. పశువుల మీద గోమార్లకు వాడే డెల్టామెత్రిన్ లేదా సైపర్‌మెత్రిన్ మందును సీసా మీద ఉన్న కొలతలో, డాక్టరును అడిగి నీళ్లలో కలిపి గోడలకు, సందులకు కొట్టాను. మేత తొట్లు, నీళ్ల కుండలు ముందే బయటపెట్టాను. బాతుల తొట్టి దగ్గరికి, చేపలున్న నీళ్ల దగ్గరికి ఆ చుక్క పోకూడదు.

4. బాగా ఆరాక సందులను సిమెంటుతో పూడ్చి, పైన సున్నం కొట్టాను. అసలు తేడా కనపడింది ఈ పనితోనే. మందు తాత్కాలికం, సందు మూయడం శాశ్వతం.

5. కూర్చునే కర్రల బదులు గోడకు తగలకుండా కాళ్ల మీద నిలబడే పైపు స్టాండు చేయించాను. దాని కాళ్లను పాత ఇంజిన్ ఆయిలు పోసిన డబ్బాల్లో పెట్టాను. ఆ డబ్బాల మీద రేకు మూత వేయకపోతే కోడిపిల్లలు పడతాయి.

6. పన్నెండు రోజులకు మళ్లీ మందు కొట్టాను, గుడ్ల నుంచి వచ్చిన పిల్ల గోమార్ల కోసం. తర్వాత నెలకోసారి టార్చి.

నాలుగు వారాలకు గుడ్లు ఏడుకు వచ్చాయి. మునుపటి లెక్కకు రావడానికి జూన్ దాకా పట్టింది.

దోసగింజలు కాకుండా, ఆవగింజ కన్నా చిన్నగా, ఎర్రగానో బూడిద రంగులోనో పాకేవి గుడ్డ మీద గుంపుగా కనిపిస్తే అవి ఎర్ర మైట్లు. గుడ్డతో నలిపితే రక్తపు మరక పడుతుంది. వీటికీ ఇదే వైద్యం, కాకపోతే రెండోసారి మందు వారానికే కొట్టాలి. ఇవి గోమార్ల కన్నా చాలా వేగంగా పెరుగుతాయి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో శెనక్కాయ, పత్తి, మిరప పంటలకు కొట్టి మిగిలిన పురుగుమందు డబ్బాలు ఉంటాయి. మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ లాంటివి. పురుగుమందే కదా అని వాటిని కోడి మీదో, గూట్లోనో కొట్టకండి. కోడి పోతుంది, పోకపోతే ఆ గుడ్డు మన పిల్లలే తింటారు.

మూడో అడుగు: తెల్లారి చేత్తో చూడటం

రాత్రి గుడ్డ మీద ఏమీ రాలకపోతే, పొద్దున నాలుగైదు పెట్టల్ని పట్టుకోండి. మలద్వారం చుట్టూ ఈకలను పాయ తీసి చూడండి. గడ్డి రంగులో పరుగెత్తే పురుగులు పేలు. ఈక మొదట్లో పంచదార పలుకుల్లా గుత్తిగా అంటుకున్నవి వాటి గుడ్లు. గుంపులో ఒకటి రెండింటి మీద కొద్దిగా పేలు ఉంటే కంగారు లేదు. పేలు ఎక్కువగా ఉన్న కోడికి వేరే జబ్బేదో ఉండి ఒళ్లు సవరించుకోలేకపోతోందని అనుమానించాలి.

పేలకు మొదటి మందు మన్ను. నీడలో అడుగు లోతు గుంత తీసి పొడి మట్టి, ఇసుక, జల్లించిన కట్టెల బూడిద కలిపి పోయండి. పొర్లే కోడి తన పేలను చాలావరకు తనే వదిలించుకుంటుంది. పొదుగుకు కూర్చున్న పెట్ట మాత్రం పెద్దగా పొర్లదు, మూడు వారాలు చాలావరకు గూట్లోనే ఉంటుంది, అందుకే పేలన్నీ దాని మీదే చేరతాయి. గుడ్లు పెట్టి కూర్చోబెట్టే ముందే దాన్ని తిరగేసి చూడండి. మందు చల్లాల్సి వస్తే పది రోజులకు రెండోసారి కూడా చల్లాలి. మొదటిసారి పేలు చస్తాయి కానీ ఈపులు (వాటి గుడ్లు) చావవు. వేపాకు పొగ, సీతాఫలం గింజల పొడి లాంటివి నేనూ వేసి చూశాను. పొగకు పేలు కాస్త కదిలాయి గానీ పోలేదు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే మనిషికీ కోడికీ కళ్లు దెబ్బతింటాయి, అందుకే మానేశాను.

కాళ్లు కూడా చూడండి. పొలుసులు పైకి లేచి, తెల్లటి సున్నం పెచ్చుల్లా పేరుకుంటే అది కాళ్ల గజ్జి, పొలుసుల కింద తొలిచే పురుగు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో పది నిమిషాలు కాళ్లు నానబెట్టి, పాత బ్రష్షుతో మెల్లగా తోమి, తుడిచి వాజిలైన్ గానీ కొబ్బరి నూనె గానీ మందంగా పట్టించండి. గాలి అందక పురుగు చస్తుంది. వారానికి రెండుసార్లు, నెల రోజులు. పెచ్చులను గోటితో పీకొద్దు. కిరోసిన్ పూసేవాళ్లున్నారు, చర్మం కాలిపోతుంది.

నాలుగో అడుగు: రెట్ట

కోళ్లు కూర్చునే చోట కింద పాత ఫ్లెక్సీ పరిచి పొద్దున చూడండి. బియ్యపు గింజల్లాంటి ముక్కలు కదులుతుంటే బద్దె పురుగు. ఇది చీమలు, పేడపురుగులు, ఈగలు తినడం వల్ల కోడికి వస్తుంది. తెల్లగా, పొడుగ్గా, వేలెడంత దారంలాగా ఉంటే ఏలికపాము. నెత్తురు కలిసిన రెట్ట మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో కనిపిస్తే అది కాక్సీడియోసిస్, నట్టల మందుతో పోదు. ఆంప్రోలియం లాంటి మందు నీళ్లలో ఇస్తారు, అదీ ఆలస్యం చేయకుండా.

కనపడకపోయినా పురుగులు ఉండొచ్చు. ఐదారు కోళ్ల తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే మైక్రోస్కోపులో పురుగు గుడ్లు చూసి చెబుతారు. కడప జిల్లావాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఈ పరీక్ష అయ్యాక మందు ఎంచుకోవడం సులువు. పైపరజిన్ పెద్ద ఏలికపాములకే పనిచేస్తుంది. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఇంకొన్ని రకాలకూ పనిచేస్తాయి. బద్దె పురుగుకు ప్రాజిక్వాంటెల్ అడగాలి. నా పద్నాలుగు వందల్లో కొన్న నట్టల మందు మంచిదే, కాకపోతే నా కోళ్లకు నట్టలు లేవు.

ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ నీళ్లలో కరగవు, కుండ అడుగున చేరతాయి. చివర తాగిన కోడికి ఎక్కువ, మొదట తాగినదానికి సున్నా. అందుకని రాత్రి నుంచి మేత ఆపి, పొద్దున తడి తవుడులో కలిపి, పది నిమిషాల్లో తినేంతే పెట్టండి. మోతాదు బరువును బట్టి డాక్టరు చెప్పినంతే. ఈకలు వస్తున్న కాలంలో ఫెన్‌బెండజోల్ ఇస్తే కొత్త ఈకలు వంకరగా రావచ్చు, వీలైతే ఆగండి. ఏ మందుకైనా ఎన్ని రోజులు గుడ్డు తినకూడదో అడిగి క్యాలెండరు మీద గీత గీసుకోండి. ఐవర్‌మెక్టిన్ సూది గొర్రెలకు బాగా పనిచేసిందని కోడికి కూడా వేసేవాళ్లు ఉన్నారు. అది గుడ్డులోకి దిగి చాలా రోజులు ఉంటుంది. గుడ్లు తినే ఇంట్లో వద్దు.

మందు కన్నా ముఖ్యం తడి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వర్షం పడే అనంతపురంలో నేల తానే పురుగు గుడ్లను ఎండబెడుతుంది. మనమే నీళ్ల కుండ చుట్టూ, కొళాయి కింద తడి మూల తయారుచేసి వాటిని బతికిస్తాం. కాక్సీడియా గుడ్డు అంటుకునే స్థితికి రావడానికి తడి, వేడి ఉంటే ఒకటి రెండు రోజులు చాలు. నీళ్ల కుండను కంకర పోసిన తొట్టి మీద పెట్టండి, వారానికోసారి చోటు మార్చండి.

ఐదో అడుగు: గుడ్డు ఏం చెబుతోంది?

పురుగు ఏదీ దొరకకపోతే అప్పుడు గుడ్డు చేతిలోకి తీసుకోండి.

పెంకు పలచబడటం మనకు ప్రధానంగా ఎండాకాలపు సమస్య. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి, పెంకు తయారీకి కావలసిన బైకార్బొనేట్ రక్తంలో తగ్గుతుంది. పైగా మేత సగమే తింటుంది. అందుకే మే నెలలో ఎంత కాల్షియం పోసినా పెంకు పూర్తిగా గట్టిపడదు. ముందు రొప్పడం తగ్గించాలి. రేకు మీద బోద గానీ తాటాకు గానీ కప్పండి, మధ్యాహ్నం గోనె తడిపి గాలి వచ్చే వైపు కట్టండి, మేత తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే వేయండి. గుడ్లు పెట్టే కోడి మామూలు రోజున పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది, ఎండల్లో దానికి రెట్టింపు. మట్టి కుండ నీళ్లు నీడలో నాలుగు చోట్ల పెట్టండి. ఒకే చోట పెడితే పుంజు, బాతులు మిగతావాటిని రానివ్వవు. ఒక పూట నీళ్లు లేకపోతే దాని దెబ్బ చాలా రోజులు గుడ్ల మీద కనపడుతుంది.

మిగతా కాలాల్లోనూ పెంకు పలచగా ఉంటే కాల్షియం లెక్క చూడండి. ఒక గుడ్డు పెంకులో రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. జొన్న, సజ్జ, కొర్రల్లో కాల్షియం దాదాపు లేనట్టే. గుడ్ల దాణాలో మూడున్నర, నాలుగు శాతం ఉంటుంది, కానీ కలిపి పెంచేవాళ్లు ఆ దాణా అందరికీ వేయకూడదు. పిల్లలు, ఎదిగే కోళ్లు, పుంజులు అంత కాల్షియం తింటే మూత్రపిండాలు చెడతాయి. అందరికీ గ్రోవర్ (ఎదిగే కోళ్ల) దాణా వేసి, దాణా షాపులో దొరికే చిప్పల గ్రిట్‌ను (నలగ్గొట్టిన చిప్పలను) వేరే గిన్నెలో పెట్టడమే నాకు కుదిరిన పద్ధతి. అవసరమున్న పెట్టే వెళ్లి తింటుంది. పెంకు ఎక్కువగా రాత్రే తయారవుతుంది కాబట్టి ఆ గిన్నె సాయంత్రం నిండుగా ఉండాలి. ఇంట్లో గుడ్డు పెంకులను వేయించి నలగ్గొట్టి వేయొచ్చు. గోడకు కొట్టే సున్నం మాత్రం తినేదాంట్లో కలపకండి, నోరు కాలుతుంది.

పచ్చసొన పాలిపోతే అది చాలాసార్లు జొన్న, కొర్రలు ఎక్కువై, ఆకు తక్కువైన గుర్తే. మొక్కజొన్న, మునగాకు, అవిశాకు వేస్తే పది రోజుల్లో రంగు వస్తుంది. ఆకు తింటూనే పాలిపోతే మళ్లీ నాలుగో అడుగుకు వెళ్లండి. సొన ఆకుపచ్చగానో గోధుమ రంగుకో తిరిగితే, ముఖ్యంగా రెండు మూడు వారాలు దాచిన గుడ్లలో, పత్తి గింజ గానీ పత్తి చెక్క గానీ తిన్నాయేమో చూడండి. అందులోని గాసిపాల్ అలా చేస్తుంది. ఆదోని వైపు పత్తి మిల్లుల చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. తెల్లసొన గులాబీ రంగుకు తిరిగినా పత్తి గింజ మీదే అనుమానం. సొన మీద నెత్తుటి చుక్క కోడి లోపల చిన్న నరం చిట్లినందుకు పడేది, తీసేసి తినొచ్చు. పెంకు మీద నెత్తురైతే కొత్తగా పెడుతున్న పెట్టల్లో మామూలు.

గుడ్డులో పురుగు కనపడిందని ఒకసారి పక్కింటివాళ్లు గిన్నెతో సహా పరుగెత్తుకొచ్చారు. చాలా అరుదు గానీ జరుగుతుంది. పేగుల్లోని ఏలికపాము మలద్వారం దగ్గర నుంచి గుడ్డు గొట్టంలోకి ఎక్కితే పెంకు లోపల చిక్కుకుంటుంది. గుంపంతా నట్టల మందుకు సిద్ధమైందని దాని అర్థం. కేసీ (కర్నూలు–కడప) కాలువ పక్కన, చెరువుల పక్కన ఉన్నవాళ్లకు ఇంకోటి ఉంది. తూనీగల్ని తిన్న బాతులకు, కోళ్లకు గుడ్డు గొట్టంలో ఒక చదును పురుగు చేరవచ్చు. తోలుగుడ్లు, సున్నం నీళ్లలాంటి స్రావం కనిపిస్తాయి. డాక్టరుకు ఆ చెరువు సంగతి చెప్పండి.

పెట్ట కూర్చోలేక, తోక ఆడిస్తూ, నిలువుగా నిలబడి ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడినట్టే. గోరువెచ్చని నీళ్ల టబ్బులో నడుము దాకా పదిహేను నిమిషాలు ఉంచి, మలద్వారానికి నూనె రాసి, చీకటి గంప కింద వదలండి. పొట్ట నొక్కి తీయొద్దు. లోపల పగిలితే ఆ పెట్ట దక్కదు. తెల్లారే లోపు రాకపోతే ఆసుపత్రే.

మేతలో దాక్కున్న శత్రువు

దీన్ని అడుగుల వరుసలో ఎక్కడ పెట్టాలో నాకు తెగలేదు, ఎందుకంటే అనంతపురంలో ఇది ప్రతి ఇంట్లో ఉంది. శెనక్కాయలు. వాన చివర్లో ఎగ్గొట్టిన ఏడాది కాయలోనే బూజు మొదలవుతుంది. మంచి కాయ అమ్మేసి, ముడుచుకుపోయిన గింజ, బూజు పట్టిన చెక్క కోళ్లకు వేస్తాం. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కాలేయాన్ని తింటుంది. గుడ్లు తగ్గుతాయి, చిన్నవవుతాయి, సొన పాలిపోతుంది, ఏ టీకా సరిగా పట్టదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీలు ఇలాగే చచ్చిపోయాక, మేతలోని బూజు పట్టిన వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. వేయించినా, ఉడకబెట్టినా, ఎండబెట్టినా పూర్తిగా పోదు. కోడి కొంత ఓర్చుకుంటుంది. బాతు పిల్లలు, టర్కీలు ఓర్చుకోలేవు. అంటే కలిపి పెంచే గుంపులో ముందు బాతు పిల్లలు పోయి, కోళ్లు బాగానే ఉన్నాయంటే జబ్బు కన్నా ముందు మేత మూట వాసన చూడండి. ముక్క వాసన వస్తే మొత్తం పారేయండి. కూలికి పెట్టిన డబ్బు పోతుందని బాధగానే ఉంటుంది.

కలిపి పెంచితే వచ్చే చిక్కులు

టర్కీల కథ ఇది. కోడి పేగుల్లో సన్నటి హెటరాకిస్ అనే పురుగు ఉంటుంది. దాని గుడ్లలో ఇంకో సూక్ష్మజీవి దాక్కుని ఉంటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు. అదే నేల మీద తిరిగిన టర్కీకి కాలేయం పాడై, గంధకం రంగులో పచ్చటి రెట్ట వేసి పోతుంది. నావి రెండూ అలాగే పోయాయి. కోళ్లు తిరిగిన నేలను టర్కీలకు ఇవ్వకండి, ఆ గుడ్లు నేలలో ఏళ్లు ఉంటాయి.

బాతులతో వేరే జాగ్రత్త. ఎగ్ డ్రాప్ సిండ్రోమ్ అనే వైరస్‌కు బాతులు సహజ నిలయం. వాటికి ఏ లక్షణం ఉండదు. కోళ్లకు అంటితే, చూడ్డానికి చక్కగా ఉన్న పెట్టలే ఒక్కసారిగా తోలుగుడ్లు, పలచటి గుడ్లు పెడతాయి. ఎండాకాలం కాకుండా, గోమార్లు లేకుండా, మేత మారకుండా ఇలా జరిగితే దీన్ని అనుమానించాలి. బాతుల తొట్టి నీళ్లు కోళ్లు తాగకుండా చూడటం కనీస జాగ్రత్త.

ఎప్పుడు ఆగి ఫోన్ చేయాలి?

గుడ్లతో పాటు గురక, మెడ తిరగడం, పచ్చటి రెట్ట కనిపిస్తే కొక్కెర తెగులు కావచ్చు. టీకాలే దారి. పిల్లలకు మొదటి వారంలో లసోటా టీకా, ఎదిగాక ఆర్2బి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ. ఒకటి రెండు రోజుల్లో చాలా కోళ్లు, తురాయి నీలంగా మారి చచ్చిపోతే వాటిని కోయొద్దు, సంతకు తోలొద్దు, పక్కింటికి పంచొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా. పశువైద్య సిబ్బందికి చెప్పండి. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది.

సంతలో కొన్న కోడిని ఆ సాయంత్రమే గూట్లో వదలడం మనందరికీ అలవాటు. నేను ఇప్పుడు ఇంటికి అటువైపు వేపచెట్టు కింద ఒక గంప పెట్టాను. కొత్తది ఏదొచ్చినా మూడు వారాలు అక్కడే. దాని నీళ్లు, గిన్నె వేరు, దానికి మేత అన్నిటికన్నా చివర. వచ్చిన రోజే రెక్కల కింద చూస్తాను, మలద్వారం ఈకలు చూస్తాను, కాళ్లు చూస్తాను. మొన్న శనివారం తెచ్చిన గిన్నె కోడి రెక్క కింద నాలుగు నల్ల చుక్కలు దొరికాయి. అది ఇంకా గంప కిందే ఉంది, రాత్రిళ్లు ఊరంతా లేచేట్టు అరుస్తోంది.